ప్లాస్మా టార్చ్ ముందు నాలుగు స్లీవ్‌లు

2018 జూన్ మొదటి వారంలో విజయవాడ ఆటోనగర్‌లోని ఒక వర్క్‌షాపులో క్వాలిటీ ఇంజనీరుగా చేరాను. ఏడాది ప్రొబేషన్. లోహపు భాగాల మీద గట్టి పూతలు వెయ్యడం ఆ షాపు పని. పంపుల షాఫ్టులు, మిల్లుల రోలర్లు, ఫ్యాన్ల రెక్కలు అరిగిపోతే కొత్తవి కొనకుండా, అరిగిన చోట పూత వేయించుకుని మళ్ళీ వాడుకుంటారు. నా పైన అధికారి ఒక్కరే, మేనేజింగ్ పార్టనర్ ప్రసాద్ గారు. నా విభాగంలో నా కింద ఎవరూ లేరు. ఆపరేటర్లు వరుసలో నాకన్నా కింద, అనుభవంలో చాలా పైన.

పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. ముప్పై రెండేళ్ళకి ఉద్యోగ జ్ఞాపకాలేంటని మావారు నవ్వుతారు. కానీ ఈ పని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. అడిగేవాళ్ళు అప్పుడప్పుడూ ఉన్నారు. పాప నిద్రపోయాక దొరికే గంటలో రాస్తున్నాను కాబట్టి ఒక్క సంఘటనకే పరిమితమవుతాను.

ముందు పని గురించి కొంచెం చెప్పాలి. ప్లాస్మా టార్చ్ చూడటానికి పెద్ద టార్చిలైటంత ఉంటుంది. లోపల టంగ్‌స్టన్ మొన, దాని చుట్టూ నీళ్ళతో చల్లబరిచే రాగి నాజిల్. ఆ రెంటి మధ్య విద్యుత్ ఆర్క్ వెలుగుతుంది. దాని గుండా ఆర్గాన్ వాయువునీ, కొద్దిగా హైడ్రోజన్‌నీ పంపిస్తారు. ఆ వేడికి హైడ్రోజన్ అణువులు రెండుగా విడిపోతాయి, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అలా విద్యుదావేశం పొంది వెలిగే వాయువే ప్లాస్మా. నాజిల్ లోపల అది పదివేల డిగ్రీలు దాటుతుంది. అందులోకి వదిలిన పౌడర్ కరిగి, ఎగిరి వెళ్ళి ముక్కకు అతుక్కుంటుంది. అయితే పూత పడే ముక్క మాత్రం నూట యాభై డిగ్రీలు దాటకూడదు. ఈ రెండు అంకెల మధ్యే మా పనంతా.

కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని మామూలు గ్యాసు మంటలాగే అనుకుంటారు. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు తగిలే ఆవిరి, అంతే వేడి ఉన్న పొడి గాలి కన్నా ఎక్కువ కాలుస్తుంది. ఆవిరి నీరుగా మారుతూ, తాను దాచుకున్న వేడిని చేతిమీద వదిలేస్తుంది కాబట్టి. ప్లాస్మాదీ ఆ లెక్కే. విడిపోవడానికి తీసుకున్న శక్తిని, చల్లటి లోహం దగ్గరకొచ్చి మళ్ళీ జతకట్టేటప్పుడు అక్కడే దింపేస్తుంది. అందుకే టార్చ్‌కీ ముక్కకీ మధ్య దూరం చాలా ముఖ్యం. మా షాపులో అది నూట పది మిల్లీమీటర్లు. వేలెడు దగ్గరకు జరిగినా ముక్కలోకి దిగే వేడి బాగా పెరుగుతుంది.

టార్చ్ నడిపేది దానియేలు గారు. యాభై దాటిన మనిషి. భవానీపురం నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవారు. ఇరవై ఏళ్ళుగా అదే పని. పూతకు ముందు ముక్కను గరుకు రజనుతో కొట్టి గరుకుచేస్తారు, దాన్నే బ్లాస్టింగ్ అంటాం. కృష్ణానది పక్కనున్న ఊరు, పైగా వానాకాలం. అలా కొట్టిన ఉపరితలానికి నిమిషాల్లో కంటికి కనపడని తేమ పడుతుంది. ఆ తేమ పోగొట్టడానికి పౌడర్ వదలకుండా ఉత్త ప్లాస్మాతో ముక్కను వంద డిగ్రీలు దాటే దాకా వేడి చెయ్యడం మా షాపు పద్ధతి. ఎంత వేడెక్కిందో తెలుసుకోవడానికి దానియేలు గారు ఒక రకం చాక్ వాడేవారు. ఫలానా డిగ్రీ దగ్గర కరిగేలా తయారుచేసిన చాక్ అది. ముక్కలు తొడిగే ఇనుప కడ్డీకి కాలర్ అని ఒక ఉబ్బెత్తు పట్టీ ఉంటుంది. దాని మీద రెండు గీతలు గీసేవారు. నూట పది గీత కరిగితే పౌడర్ వదలాలి. నూట యాభై గీత కరిగితే ఆపేయాలి.

నేను చేరిన రెండో వారంలో ఒక పెద్ద కంపెనీ తనిఖీదారు వచ్చి, ఉష్ణోగ్రత రిజిస్టర్‌లో అంకెలేవని అడిగాడు. గీత కరిగింది అన్నది అంకె కాదు. ప్రసాద్ గారి అనుమతితో నేను ఇన్‌ఫ్రారెడ్ గన్ తెప్పించాను. కరోనా రోజుల్లో అందరి నుదుళ్ళకీ గురిపెట్టారే, ఆ జాతిదే, ఇంకొంచెం ఎక్కువ వేడిని చూడగలది. ఇప్పుడు పాప ఒళ్ళు వెచ్చబడితే నేనూ అలాంటిదే పెడతాను, పెట్టాక నమ్మకం కుదరక చేత్తో కూడా చూస్తాను. అప్పట్లో చేత్తో చూసే బుద్ధి లేదు. చాక్ ముక్కలు బీరువాలో పెట్టెయ్యమని దానియేలు గారికి చెప్పాను. ఆయన పెట్టేస్తూ, దీనికి బ్యాటరీ అక్కర్లేదు మేడమ్ అని మాత్రం అన్నారు.

జూన్ చివర్లో చల్లపల్లి అవతల ఒక ఊరి నుంచి సుబ్బారావు గారని ఒకాయన నాలుగు స్లీవ్‌లు గోనెసంచిలో కట్టుకుని బస్సులో వచ్చారు. వాళ్ళవి కాలువ చివరి భూములు. వంతు నీళ్ళు అందనప్పుడు డ్రెయిన్ నుంచి నీళ్ళు ఎత్తిపోసే పంపులు రెండున్నాయి. రైతులంతా కలిసి పెట్టుకున్న ఆ పంపుల బాగోగులు చూసేది ఈయనే. పంపు షాఫ్టు మీద తొడిగే గొట్టంలాంటి భాగం స్లీవ్. నీళ్ళు కారకుండా చుట్టే ప్యాకింగ్ తాడు రాపిడికి అది అరిగిపోతుంది. నాలుగూ స్టెయిన్‌లెస్ స్టీల్‌వే, నాలుగూ కండెలా నడుము దగ్గర సన్నబడిపోయి ఉన్నాయి.

“నారు పోసి ఇరవై రోజులైందమ్మా,” అన్నారాయన. “ఇంకో పది రోజులు దాటితే ముదిరిపోద్ది. ముదురు నారు నాటేకంటే గేదెలకెయ్యడం నయం.”

గురువారానికి ఇస్తామని ప్రసాద్ గారు మాటిచ్చారు.

నాలుగు స్లీవ్‌లనీ ఒకే కడ్డీకి వరసగా తొడిగి లేత్ మీద తిప్పుతూ పూత వేశాం. ముందు నికెల్-క్రోమియం పౌడర్‌తో పలచటి లోహపు పూత, దాని మీద క్రోమియం ఆక్సైడ్ పూత. రెండోది నల్లగా, గాజులా గట్టిగా ఉంటుంది. రెండు పూతల మధ్య ఆపరేటర్ టార్చ్ దూరాన్ని కొలకర్రతో మళ్ళీ సరిచూసుకుంటాడు. టార్చ్‌ను పక్కకు తిప్పినప్పుడల్లా నేను గన్ గురిపెట్టి అంకె రాసుకున్నాను. ముందు వేడి చేసినప్పుడు నూట ఎనిమిది. లోహపు పూత అయ్యాక నూట ఇరవై ఒకటి. నల్లపూత రెండు వరసలు పడగానే నూట తొంభై ఆరు. ఆపమని చెయ్యెత్తాను. చల్లగాలి పెంచి, అంకె దిగాక మిగతా పూత పూర్తిచేశాం.

మర్నాడు పొద్దున గ్రైండింగ్‌లో మొదటి స్లీవ్ అంచు దగ్గర పూత పెచ్చుగా లేచిపోయింది. రెండోదాని మీద రూపాయి బిళ్ళంత ముక్క ఎగిరిపోయింది. మిగతా రెండూ చిన్న సుత్తితో తడితే బోలుగా మోగాయి. కారణం తెలిసిందే. స్టీలు వేడికి బాగా సాగుతుంది, నల్లపూత అంత సాగదు. ఎక్కువ వేడి మీదున్న స్టీలు మీద పూత వేస్తే, చల్లారేటప్పుడు స్టీలు కుంచించుకుపోతుంది, పూత దానితో పోలేక పెచ్చులూడుతుంది. ముక్క వేడెక్కింది. ఎప్పుడు వేడెక్కిందో నా రిజిస్టర్ చెబుతోంది. నూట ఇరవై ఒకటి నుంచి నూట తొంభై ఆరుకు ఒక్క ఉదుటున. సరిగ్గా దానియేలు గారు దూరం సరిచేసిన వెంటనే.

ప్రసాద్ గారికి రిజిస్టర్ చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చూసి, వయసైపోతోందమ్మా ఆయనకి, కొలకర్ర గీతలు కనపడుతున్నాయో లేదో అన్నారు. దానియేలు గారిని బ్లాస్టింగ్ గదికి మార్చి, హైదరాబాద్ నుంచి వేరే ఆపరేటర్‌ని తెస్తానన్నారు. బ్లాస్టింగ్ గదంటే దుమ్ము. పైగా ఆరు నెలలు టార్చ్ పట్టకపోతే ఆపరేటర్ అర్హత పోతుందని మా షాపు నియమం. ఆ వయసులో మళ్ళీ పరీక్ష పెట్టేదెవరు? అది బదిలీ కాదు, ఇరవై ఏళ్ళ పని ముగిసిపోవడం. దానికి ఆధారం నా రిజెక్షన్ రిపోర్టే.

ఆ రిపోర్టు అచ్చు ఫారం. కారణం అన్న చోట మూడు గళ్ళు ఉండేవి. మెటీరియల్, మెషీన్, ఆపరేటర్. నేను మూడో గడిలో టిక్ పెట్టి, పక్కన “టార్చ్ దూరం తగ్గింది” అని రాశాను. కింద నా సంతకం, ఆపరేటర్ సంతకం ఉండాలి.

దానియేలు గారు జేబురుమాల్లో చుట్టిన కళ్ళజోడు తీసి రెండుసార్లు చదివారు.

“దూరం తగ్గించడం మీరు చూశారా మేడమ్?”

చూడలేదని, అంకెలు అలా ఉన్నాయని చెప్పాను.

“నేను నూట పదికే పెట్టాను. అయినా వేడి అప్పుడెక్కలేదండి. నికెల్ పౌడర్ కూడా వెయ్యకముందే ఎక్కేసింది. నా చెమట చుక్క కాలర్ మీద పడి, పెనం మీద నీళ్ళలాగా గుండ్రంగా పరిగెత్తింది. మా ఆవిడైతే అలాంటి పెనం మీద దోసె వెయ్యదు. ముందు పొయ్యి తగ్గిద్ది.”

ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదని కొంచెం గట్టిగానే అడిగాను.

“మీ గన్ను నూట ఎనిమిదంటంది. నా చాక్ బీరువాలో ఉంది. గన్నుతో ఎవరు వాదిస్తారండీ?”

సంతకం పెట్టకుండానే కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. నూట ఎనిమిది డిగ్రీల లోహం మీద చెమట చుక్క పడితే సుయ్యిమని అక్కడే ఇగిరిపోతుంది. గుండ్రంగా మారి పరిగెత్తాలంటే లోహం రెండు వందలకు దగ్గర్లో ఉండాలి. ఆయనైనా అబద్ధం ఆడి ఉండాలి, గన్ అయినా ఆడి ఉండాలి. ఆయనకి అబద్ధం ఆడే అవసరముంది. కానీ అబద్ధం ఆడే మనిషి చెమట చుక్కనీ దోసె పెనాన్నీ కల్పిస్తాడా అనిపించింది. అబద్ధమే ఆడదలుచుకుంటే ఇంతకన్నా సులువైనవి ఉన్నాయి.

పెచ్చులూడిన స్లీవ్‌లలో ఒకదాన్ని లేత్ మీద పూర్తిగా ఒలిపించి, మళ్ళీ బ్లాస్టింగ్ చేయించాను. సగం అలాగే ఉంచి, మిగతా సగానికి గ్యాసు మంటతో మసి పట్టించాను. కాలర్ మీద, బీరువాలోంచి తీసిన చాక్‌లతో రెండు గీతలు గీశాను. దానియేలు గారిని పిలిచి, పౌడర్ లేకుండా ఎప్పటిలా వేడి చెయ్యమన్నాను. ఆయన ఎందుకని అడగలేదు.

నూట పది గీత కరిగింది. గన్ డెబ్బై దగ్గరుంది. కాసేపటికి నూట యాభై గీతా కరిగింది. స్టీలు సగం మీద గన్ నూట నాలుగు చూపించింది. చెయ్యి కదపకుండా పక్కకు తిప్పి మసి సగం మీద పెట్టాను. నూట డెబ్బై ఆరు. ఒకే ముక్క, ఒకే నిమిషం.

ఇన్‌ఫ్రారెడ్ గన్ వేడిని ముట్టుకుని చూడదు. ముక్క వెదజల్లే కిరణాలను బట్టి లెక్క కడుతుంది. నల్లటి వస్తువు ఉన్న వేడికి తగ్గట్టు వెదజల్లుతుంది. ఉత్త లోహం, గరుకుగా ఉన్నా, చాలావరకు దాచుకుంటుంది. నా గన్ నల్లటి వస్తువులకు సరిపోయేలా అమర్చి వచ్చింది, ఆ అమరికను మార్చుకోవచ్చని దానితో పాటు వచ్చిన పుస్తకంలో నాలుగో పేజీలో ఉంది. నేను మూడో పేజీలో గన్ ఆన్ చెయ్యడం నేర్చుకుని ఆపేశాను. ఇదే విషయం మీద ఇంజనీరింగ్ మూడో ఏడు పరీక్షలో నాలుగు మార్కుల జవాబు రాశాను కూడా.

అంటే స్లీవ్‌లు మొదటి నిమిషాల్లోనే, నేను చాలదు ఇంకా ఇంకా అని చెయ్యి ఊపుతుంటేనే, నూట ఎనభై దాటేశాయి. లోహపు పూత పడ్డాక కూడా ఉపరితలం లోహమే కాబట్టి గన్ తక్కువే చూపించింది. నల్లపూత పడగానే అది మొదటిసారి నిజం చెప్పింది. దానియేలు గారు టార్చ్‌ను దగ్గరకు జరపలేదు. గన్ కింద రంగు మారింది.

ప్రసాద్ గారి గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయన మెల్లిగానే అన్నారు.

“చూడమ్మా స్వాతీ, ఈ రిపోర్టు కాపీ పని ఇచ్చిన పార్టీకి వెళ్ళాలి. ఆపరేటర్‌ది తప్పంటే, మార్చేశామండీ అని చెప్పుకుంటాం. ఇంజనీరుకే కొలవడం రాలేదంటే మనకెవడిస్తాడు పని? నువ్వు చూస్తే ప్రొబేషన్‌లో ఉన్నావు.”

దానియేలు గారి సంగతేంటని అడిగాను. ఆయన జీతం తగ్గించను కదా అన్నారు. ప్రసాద్ గారు చెడ్డవారు కాదు. ఆ షాపులో పద్దెనిమిది మంది ఆయన మీద ఆధారపడి ఉన్నారు. ఆయన చెప్పినట్టే చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. గన్ అమరిక సరిచేసుకుని, చాక్ బయటకు తీసి, నోరు మూసుకుంటే సరిపోయేది. అలా చేద్దామని ఆ గదిలో ఉన్నంతసేపూ అనిపించింది. మొదటి ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో కూడా వరస కట్టుకున్నాను.

నా బల్ల దగ్గరకొచ్చి ఫారం తీశాను. మా రికార్డుల్లో చింపడం, చెరపడం, తెల్లరంగు పూయడం నిషేధం. తప్పు రాస్తే దాని మీద ఒక్క అడ్డగీత గీయాలి, కింద ఉన్నది చదవడానికి వీలుండాలి, పక్కన పొట్టి సంతకం, తేదీ వెయ్యాలి. ఆపరేటర్ గడిలో టిక్ మీద అలా గీత గీశాను. తనిఖీ చేసేవాళ్ళ తప్పుకు ఆ ఫారంలో గడి లేదు. అలాంటిది ఉండొచ్చని దాన్ని అచ్చు వేయించినవాళ్ళు అనుకోలేదేమో. స్కేలు పెట్టి నాలుగో గడి గీసి, “తనిఖీ” అని రాసి టిక్ పెట్టాను. పక్కన రెండు ఉష్ణోగ్రతలూ, చాక్ ఫలితమూ వేశాను.

దానియేలు గారు ఈసారి కూడా రెండుసార్లు చదివారు. తర్వాత సంతకం పెట్టారు.

“ఇన్నేళ్ళలో తప్పు ఇంజనీరుదని ఈ కాయితం మీద ఇదే చూడటం,” అన్నారు. “లామినేషన్ చేయిద్దామా మేడమ్?”

ప్రసాద్ గారు కాగితం తీసుకుని, నన్ను చూడకుండానే ఫైల్లో పెట్టారు. హైదరాబాద్ ఆపరేటర్ మాట మళ్ళీ ఎత్తలేదు.

సుబ్బారావు గారు గురువారం పొద్దున్నే వచ్చి, షాపు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. జరిగింది ఆయనకి నేనే చెప్పాలని ప్రసాద్ గారి ఆదేశం. ప్లాస్మా, మసి, కిరణాలు అన్నీ చెప్పుకొచ్చాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

“తప్పు నీదో, ఆ గన్నుదో నాకెందుకమ్మా. మా ఊళ్ళో నలభై ఇళ్ళవాళ్ళు నన్ను అడిగేది ఒకటే. పంపు ఎప్పుడు తిరుగుద్ది?”

ఆదివారం అన్నాను. ఆయన నా వైపు కాక దానియేలు గారి వైపు చూశారు. దానియేలు గారు తల ఊపాక గానీ లేవలేదు.

నాలుగు స్లీవ్‌లనీ మళ్ళీ ఒలిచి, బ్లాస్టింగ్ చేసి, శనివారం పూత వేశాం. కాలర్ మీద చాక్ గీతలు ఉన్నాయి. ఇనుప కడ్డీకి ఒక చివర మసి పట్టించి, గన్‌ను ఆ మసి మీదే పెట్టాను. ఈసారి ముందు వేడి చెయ్యడం పాత సమయంలో సగంలోనే అయిపోయింది. అంకె నూట నలభై రెండు దాటలేదు. గ్రైండింగ్‌లో పూత నిలిచింది, సుత్తితో తడితే నిండుగా మోగింది. ఆదివారం ప్రసాద్ గారే కారులో చల్లపల్లి దాకా తీసుకెళ్ళి ఇచ్చి వచ్చారు. మంగళవారం సుబ్బారావు గారు షాపుకి ఫోన్ చేసి, నీళ్ళెక్కాయని దానియేలు గారికి చెప్పమని పెట్టేశారు.

నా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. లేఖలో కారణం రాయలేదు. దానియేలు గారు నేను ఉద్యోగం మానేసే దాకా టార్చ్ మీదే ఉన్నారు. ఈ సంఘటన తర్వాత రిజిస్టర్‌లో ప్రతి ఉష్ణోగ్రత పక్కనా ఒక వరస చేర్చాం, ఏ ఉపరితలం మీద కొలిచామో రాయడానికి.

కొలతలో ఒక అంకె హఠాత్తుగా పెరిగితే, ఆ క్షణంలోనే ఏదో జరిగిందని, ఆ క్షణంలో పక్కనున్న మనిషే చేశాడని అనుకోవడం తేలిక. తప్పు బయటపడిన చోటూ తప్పు జరిగిన చోటూ ఒకటే కానక్కర్లేదు. మా విషయంలో, రిజిస్టర్ ప్రకారం, వాటి మధ్య పదకొండు నిమిషాల దూరం ఉంది. ఆ పదకొండు నిమిషాలూ గన్ నా చేతిలోనే ఉంది.